వైద్యం, పరిశోధన, బోధన: మూడూ ఒకచోటే ఎందుకు?

బోధనాసుపత్రిలో చేరిన రోగి ఒకే కథను చాలాసార్లు చెప్పాల్సి వస్తుంది. ఆయాసం ఎప్పుడు మొదలైంది, మెట్లెక్కితే ఎక్కువవుతుందా, ఇంట్లో ఇంకెవరికైనా ఈ జబ్బుందా అని ముందు హౌస్‌సర్జన్ అడుగుతారు. కాసేపటికి పీజీ డాక్టర్ వచ్చి అవే ప్రశ్నలు వేస్తారు. తర్వాత అసిస్టెంట్ ప్రొఫెసర్ వంతు. మర్నాడు ఉదయం రౌండ్స్‌లో ప్రొఫెసర్ విద్యార్థులను వెంటబెట్టుకొచ్చి, మంచం పక్కన నిలబడి మళ్లీ మొదటి నుంచీ అడుగుతారు. ఒకరు రాసుకున్నది ఇంకొకరు చదువుకుంటే సరిపోదా అని రోగి బంధువులకు విసుగొస్తుంది.

సరిపోకపోవడానికి కారణముంది. ఆ ప్రశ్నలతో రోగికి వైద్యం మొదలవుతుంది, చిన్న డాక్టర్‌కు చదువూ సాగుతుంది. హౌస్‌సర్జన్ పట్టించుకోని లక్షణం ప్రొఫెసర్ కంట పడితే రోగికి మేలు, హౌస్‌సర్జన్‌కు పాఠం. ఎవరికీ అంతుపట్టని లక్షణం కనిపించిందంటే అది ప్రయోగశాలకు వెళ్లాల్సిన ప్రశ్న అవుతుంది. వైద్యం, బోధన, పరిశోధన ఒకే ఆవరణలో ఉండటానికి మూల కారణం ఇదే. ఈ ఏర్పాటు ఎలా రూపుదిద్దుకుంది, అసలు ఎలా పనిచేస్తుంది అన్నది తెలియాలంటే అమెరికాలోని బాల్టిమోర్ నగరంలో 1940లలో జరిగిన ఒక గుండె ఆపరేషన్ కథను మొదటి నుంచీ చూడాలి.

బాల్టిమోర్ నమూనా

పంతొమ్మిదో శతాబ్దం చివరి దాకా అమెరికాలో చాలా వైద్య కళాశాలలు ఉపన్యాసాలతోనే నడిచేవి. ఫీజు కట్టి, రెండేళ్లపాటు పాఠాలు విని, రోగి నాడి కూడా పట్టకుండానే పట్టా పుచ్చుకుని బయటపడటం సాధ్యమయ్యేది.

బాల్టిమోర్ వ్యాపారి జాన్స్ హాప్కిన్స్ 1873లో చనిపోతూ విశ్వవిద్యాలయానికీ ఆసుపత్రికీ కలిపి 70 లక్షల డాలర్లు రాసిచ్చాడు. ఆసుపత్రి చివరికి వైద్య కళాశాలలో భాగం కావాలన్నది ఆయన షరతు. ఆసుపత్రి 1889లో తెరుచుకుంది. విశ్వవిద్యాలయం పెట్టుబడి పెట్టిన రైల్వే షేర్లు పడిపోవడంతో కళాశాల ఆలస్యమైంది. మేరీ గారెట్ నాయకత్వంలో కొందరు మహిళలు ఆ లోటు పూడ్చారు. దానికి బదులుగా రెండు షరతులు పెట్టారు: స్త్రీలను పురుషులతో సమానంగా చేర్చుకోవాలి, డిగ్రీ చదివినవారికే ప్రవేశం ఇవ్వాలి. కళాశాల 1893లో మొదలైంది.

అక్కడ విలియం ఆస్లర్ విద్యార్థులను ఉపన్యాస గది నుంచి వార్డులోకి తీసుకొచ్చాడు. ప్రతి విద్యార్థికీ కొందరు రోగులను అప్పగించి, వివరాలు రాయడం, పరీక్షించడం, రోజూ గమనించడం వాళ్ల బాధ్యత చేశాడు. శస్త్రచికిత్స విభాగాధిపతి విలియం హాల్‌స్టెడ్ పట్టా పొందిన యువ డాక్టర్లకు దశలవారీ శిక్షణ ఏర్పాటు చేశాడు. ముందు చూడటం, తర్వాత సాయపడటం, ఆ తర్వాత పెద్దవారి పర్యవేక్షణలో స్వయంగా ఆపరేషన్ చేయడం. నేటి రెసిడెన్సీకి మూలం ఇదే. ఈ డాక్టర్లు ఆసుపత్రిలోనే నివాసం ఉండేవారు. రెసిడెంట్ అన్న పేరు అలా వచ్చింది.

అబ్రహాం ఫ్లెక్స్‌నర్ అమెరికా, కెనడాల్లోని 155 వైద్య కళాశాలలు చూసి 1910లో ఒక నివేదిక ఇచ్చాడు. అందులో హాప్కిన్స్‌నే ఆదర్శంగా చూపాడు. ప్రయోగశాల, ఆసుపత్రి లేని కళాశాలలు చాలా మూతపడ్డాయి. చదువు ప్రమాణాలు పెరిగాయి, కానీ నష్టమూ జరిగింది. నల్లజాతి విద్యార్థుల కోసం అప్పుడున్న ఏడు వైద్య కళాశాలల్లో అయిదు మూతపడ్డాయి. వైద్య చదువు అందని నల్లజాతి ప్రతిభ ఒకటి బాల్టిమోర్ కథలోనే కనిపిస్తుంది.

> బోధనాసుపత్రిలో ఎవరెవరు?
>
> హౌస్‌సర్జన్: నాలుగున్నరేళ్ల ఎంబీబీఎస్ పాఠాలు ముగించుకుని, ఏడాది ఇంటర్న్‌షిప్ చేస్తున్నవారు.
>
> పీజీ (జూనియర్ రెసిడెంట్): ఎంబీబీఎస్ తర్వాత మూడేళ్ల ఎండీ లేదా ఎంఎస్ చదువుతున్నవారు. రాత్రి డ్యూటీల్లో వార్డు భారం ఎక్కువగా మోసేది వీరే. వీరు ఒక థీసిస్ కూడా రాయాలి.
>
> సీనియర్ రెసిడెంట్: పీజీ పూర్తి చేసి, అనుభవం కోసం, బోధన అర్హత కోసం పనిచేస్తున్నవారు. గుండె, మెదడు వంటి విభాగాల్లో మరో మూడేళ్ల డీఎం, ఎంసీహెచ్ చదివేవారినీ ఈ స్థాయిలోనే లెక్కిస్తారు.
>
> అసిస్టెంట్ ప్రొఫెసర్ నుంచి ప్రొఫెసర్ దాకా: వైద్యం చేస్తూ, పాఠం చెబుతూ, పరిశోధనకు దారి చూపేవారు. వీరి ఆధ్వర్యంలో పైన చెప్పినవారందరూ కలిసి ఒక యూనిట్. ప్రతి యూనిట్‌కూ ఓపీ రోజు, ఆపరేషన్ల రోజు విడిగా ఉంటాయి.

పిల్లలు నీలంగా ఎందుకు మారతారు?

కొందరు పిల్లలకు పుట్టిన కొద్ది కాలానికే పెదవులు, గోళ్లు నీలి రంగుకు తిరుగుతాయి. ఏడిస్తే ఆ రంగు ఇంకా చిక్కబడుతుంది. నడక వచ్చాక మరో వింత కనిపిస్తుంది. నాలుగడుగులు వేయగానే గొంతుక్కూర్చుంటారు, కాస్త తేరుకున్నాక లేచి మళ్లీ నడుస్తారు. అలా కూర్చోమని ఎవరూ నేర్పరు.

గుండె కుడి భాగం శరీరమంతా తిరిగొచ్చిన రక్తాన్ని ఊపిరితిత్తులకు పంపుతుంది. అక్కడ ఆక్సిజన్ నింపుకున్న రక్తం ఎడమ భాగానికి చేరి, బృహద్ధమని ద్వారా శరీరానికి వెళుతుంది. రెండు భాగాల మధ్య గోడ ఉండటం వల్ల రెండు రకాల రక్తం కలవదు. ఫ్రాన్స్‌లోని మార్సెయ్ నగర వైద్యుడు ఆర్థర్ ఫాలో 1888లో వివరించిన జబ్బులో నాలుగు తేడాలుంటాయి. కింది గదుల మధ్య గోడకు రంధ్రం ఉంటుంది. ఊపిరితిత్తులకు వెళ్లే దారి ఇరుకుగా ఉంటుంది. బృహద్ధమని సరిగ్గా రంధ్రం మీదికి జరిగి ఉంటుంది. ఇరుకు దారిలోకి రక్తం నెట్టీ నెట్టీ కుడి గది గోడ మందమవుతుంది. ఈ నాలుగింటినీ కలిపి టెట్రాలజీ ఆఫ్ ఫాలో అంటారు.

ఒక పంటకాలువకు రెండు తూములున్నాయనుకుంటే ఈ గుండె పనితీరు తేలిగ్గా అర్థమవుతుంది. మొదటి తూము పూడి ఇరుకైంది. అందువల్ల నీరు రెండో తూము వైపే పోతుంది. గుండె కుడి గదిలో ఇరుకు తూము ఊపిరితిత్తుల దారి, రెండో తూము గోడకున్న రంధ్రం. ఆక్సిజన్ లేని రక్తం ఆ రంధ్రం గుండా నేరుగా బృహద్ధమనిలోకి చేరి శరీరంలో తిరుగుతుంది. ఆక్సిజన్ లేని హీమోగ్లోబిన్ రంగు ముదురు. చర్మం గుండా చూస్తే అది నీలంగా కనిపిస్తుంది.

గొంతుక్కూర్చోవడంలోని కిటుకు కూడా ఇక్కడే దొరుకుతుంది. మోకాళ్లు మడిచి కూర్చుంటే కాళ్ల ధమనులు నొక్కుకుపోయి, బృహద్ధమని వైపు ఒత్తిడి పెరుగుతుంది. అంటే రెండో తూమును కాస్త మూసినట్టే. అప్పుడు ఇరుకు తూము గుండా ఊపిరితిత్తులకు కొంత ఎక్కువ రక్తం వెళుతుంది, పిల్లలకు ఊపిరి కుదుటపడుతుంది. పేరు తెలియకపోయినా శరీరం తనకు తానే ఒక వైద్యం కనిపెట్టుకుంది.

వార్డులో పుట్టిన ప్రశ్న

హెలెన్ టాసిగ్ వైద్యం చదవాలనుకున్నప్పుడు హార్వర్డ్ స్త్రీలకు వైద్య పట్టా ఇచ్చేది కాదు. మేరీ గారెట్ షరతు పుణ్యమా అని తలుపులు తెరిచి ఉంచిన హాప్కిన్స్‌లో చేరి, 1927లో పట్టా పొందింది. 1930లో అక్కడి పిల్లల ఆసుపత్రి హ్యారియెట్ లేన్ హోమ్‌లో గుండె జబ్బుల క్లినిక్ బాధ్యత తీసుకుంది. ఆమెకు వినికిడి తగ్గిపోయింది. స్టెతస్కోపు ఒక్కదాని మీద ఆధారపడలేక, పిల్లల ఛాతీ మీద చేయి వేసి గుండె కదలికలను, అదురును స్పర్శతో గుర్తించడం అలవాటు చేసుకుంది. ఎక్స్‌రే తెర మీద గుండె ఆకారాన్ని వివిధ కోణాల్లో చూసింది. పిల్లలు చనిపోతే శవపరీక్షలో కనిపించినదాన్ని తన నోట్సుతో పోల్చుకుంది.

అలా ఏళ్ల తరబడి చూసిన మీదట ఒక విషయం తేలింది. ఈ పిల్లల ప్రాణం తీసేది గుండె బలహీనత కాదు, ఊపిరితిత్తులకు రక్తం చాలకపోవడం. దానికి ఆధారం ఒక చిన్న రక్తనాళంలో దొరికింది. గర్భంలో శిశువు ఊపిరితిత్తులు పనిచేయవు కనుక, ఊపిరితిత్తుల ధమనిని బృహద్ధమనితో కలిపే ఒక అడ్డదారి ఉంటుంది. పుట్టిన కొద్ది రోజుల్లో అది మూసుకుపోతుంది. మామూలు పిల్లల్లో అలా మూసుకోవడమే మేలు. నీలి పిల్లల్లో మాత్రం అది తెరిచి ఉన్నంత కాలం బాగుండి, మూసుకున్నాక పరిస్థితి దిగజారేది.

తెరిచి ఉండిపోయిన ఆ దారిని బోస్టన్ సర్జన్ రాబర్ట్ గ్రాస్ 1938లో విజయవంతంగా ముడివేసి మూశాడు. మూయగలిగినవాళ్లు కొత్తది కట్టలేరా అన్నది టాసిగ్ ప్రశ్న. ఆమె గ్రాస్ దగ్గరికే వెళ్లి అడిగింది. ఆయన ఆసక్తి చూపలేదు.

ప్రయోగశాలలో దొరికిన జవాబు

1941లో ఆల్‌ఫ్రెడ్ బ్లాలాక్ హాప్కిన్స్ శస్త్రచికిత్స విభాగాధిపతిగా వచ్చాడు. తనతో పాటు వివియన్ థామస్‌ను తీసుకొచ్చాడు. థామస్ నల్లజాతి యువకుడు, వడ్రంగి పని తెలిసినవాడు. డాక్టర్ చదువు కోసం దాచుకున్న డబ్బు ఆర్థిక మాంద్యంలో బ్యాంకు దివాలా తీయడంతో పోయింది. 1930లో వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయంలో బ్లాలాక్ ప్రయోగశాలలో సహాయకుడిగా చేరి, జంతువుల మీద అతి సున్నితమైన శస్త్రచికిత్సలు చేయడం నేర్చుకున్నాడు. గాయపడినవారు షాక్‌లోకి వెళ్లడానికి కారణం శరీరంలో రక్తం, ద్రవాలు తగ్గిపోవడమేనని అక్కడ వారిద్దరూ నిరూపించారు. రెండో ప్రపంచ యుద్ధంలో క్షతగాత్రులకు రక్తం, ప్లాస్మా ఎక్కించడానికి ఈ అవగాహన బలాన్నిచ్చింది.

వాండర్‌బిల్ట్‌లోనే వారు మరో ప్రయోగం చేశారు. ఊపిరితిత్తుల్లో రక్తపోటు పెరిగితే ఏమవుతుందో చూడటానికి, కుక్కల్లో ముందరి కాలికి వెళ్లే ధమనిని తీసి ఊపిరితిత్తుల ధమనికి కుట్టారు. అనుకున్నట్టు రక్తపోటు పెరగలేదు. ఆ లక్ష్యం వరకు ప్రయోగం విఫలమైంది. కానీ ఊపిరితిత్తులు ఆ అదనపు రక్తాన్ని తట్టుకున్నాయి. టాసిగ్ ప్రశ్న విన్నప్పుడు ఆ విఫల ప్రయోగమే జవాబుగా పనికొచ్చింది. బృహద్ధమని నుంచి చేతికి వెళ్లే శాఖను ఊపిరితిత్తుల ధమనికి కలిపితే, శరీరానికి వెళ్లే నీలి రక్తంలో కొంత భాగం మళ్లీ ఊపిరితిత్తులకు వెళ్లి ఆక్సిజన్ తెచ్చుకుంటుంది. చేతికి పక్క నాళాల నుంచి రక్తం అందుతుంది.

నేరుగా పిల్లల మీద ప్రయత్నించడానికి వీల్లేదు. ముందు కుక్కల్లో ఈ జబ్బును పోలిన స్థితిని సృష్టించాలి, తర్వాత దాన్ని సరిచేయాలి. థామస్ ఈ పని మీద దాదాపు రెండేళ్లు గడిపాడు. సుమారు రెండు వందల కుక్కలపై ప్రయోగాలు జరిగాయి. పసిపిల్లల ధమనులకు సరిపోయేంత చిన్న సూదులు, క్లాంపులు అప్పట్లో దొరికేవి కావు. ఉన్న పరికరాలనే కత్తిరించి, సానపెట్టి థామస్ సిద్ధం చేశాడు.

1944 నవంబరు 29

ఆ రోజు ఆపరేషన్ బల్ల మీద ఉన్నది 15 నెలల పాప. బరువు నాలుగు కిలోల పైచిలుకు. బ్లాలాక్ ఆపరేషన్ చేశాడు. ఈ కుట్టు ఎక్కువసార్లు వేసిన అనుభవం థామస్‌దే కనుక, బ్లాలాక్ అతణ్ని తన వెనకే ఒక పీట మీద నిలబడమన్నాడు. కుట్టు ఎటు నుంచి వేయాలో, ఎంత దూరంలో పడాలో థామస్ చెబుతూ వచ్చాడు. రెసిడెంట్ విలియం లాంగ్‌మైర్ సాయపడ్డాడు. అక్కడే ఉన్న ఇంటర్న్ డెంటన్ కూలీ.

పాప బతికింది, రంగు మెరుగైంది. కొన్ని నెలల తర్వాత నీలి రంగు తిరిగొచ్చింది. రెండోసారి ఆపరేషన్ చేశాక చనిపోయింది. 1945 ఫిబ్రవరిలో ఆరేళ్ల బాలుడికి చేసిన మూడో ఆపరేషన్‌తో ఫలితం స్పష్టమైంది. క్లాంపు తీయగానే, ఆపరేషన్ బల్ల మీదే బాలుడి పెదవులు గులాబీ రంగుకు తిరిగాయి. 1945 మేలో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో బ్లాలాక్, టాసిగ్ ఈ మూడు కేసులనూ వివరించారు. ఆ పత్రంలో థామస్ పేరు లేదు.

చేతి నుంచి చేతికి

పత్రిక చదివి ఆపరేషన్ సంగతి తెలుసుకోవచ్చు. కుట్టు వేయడం మాత్రం చూసి, పక్కన నిలబడి, చేయి పట్టించుకుని నేర్చుకోవాల్సిందే. దేశదేశాల నుంచి పిల్లలూ, వారి వెనకే డాక్టర్లూ బాల్టిమోర్‌కు వచ్చారు. కొన్నేళ్లలో అక్కడ వెయ్యికి పైగా ఇలాంటి ఆపరేషన్లు జరిగాయి. ఒక తరం సర్జన్లు థామస్ ప్రయోగశాలలో చేయి తిప్పడం నేర్చుకున్నారు. ఇంటర్న్‌గా అక్కడున్న డెంటన్ కూలీ 1962లో హ్యూస్టన్‌లో టెక్సస్ హార్ట్ ఇన్‌స్టిట్యూట్ స్థాపించాడు. 1969లో మనిషికి తొలిసారి పూర్తి కృత్రిమ గుండెను అమర్చాడు.

శిక్షణ బంధం వెనక్కి కూడా పనిచేస్తుంది. టాసిగ్ దగ్గర నేర్చుకున్న ఒక జర్మన్ డాక్టర్ 1962లో ఆమెను కలిసినప్పుడు, తమ దేశంలో కాళ్లూ చేతులూ సరిగా ఎదగని శిశువులు ఎక్కువగా పుడుతున్నారని చెప్పాడు. ఆమె వెంటనే జర్మనీ వెళ్లి ఆసుపత్రులు తిరిగి చూసింది. కారణం గర్భిణులు వాడిన థాలిడోమైడ్ మందు. తిరిగొచ్చి అమెరికా డాక్టర్లనూ చట్టసభనూ హెచ్చరించింది. మందుల అనుమతి నిబంధనలు అదే ఏడాది అమెరికాలో కఠినమయ్యాయి.

నీలి పిల్లల ఆపరేషన్ లోపలి లోపాన్ని సరిచేయలేదు. ఊపిరితిత్తులకు మరో దారి వేసి కాలం కొనిచ్చింది, అంతే. 1954లో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో వాల్టన్ లిల్లెహై గుండె తెరిచి, రంధ్రం మూసి, ఇరుకు దారిని వెడల్పు చేశాడు. అదీ బోధనాసుపత్రే. నేడు చాలామంది పిల్లలకు ఈ పూర్తి మరమ్మతే చేస్తారు. అప్పటికప్పుడు అది కుదరని పసికందులకు సన్నని కృత్రిమ గొట్టంతో పాత అడ్డదారి వేస్తారు. దానికి ఇప్పుడు థామస్ పేరు కూడా కలిపి బ్లాలాక్-టాసిగ్-థామస్ షంట్ అని వ్యవహరిస్తున్నారు. హాప్కిన్స్ 1976లో థామస్‌కు గౌరవ డాక్టరేట్ ఇచ్చింది.

మూడు పనుల మధ్య పేచీలు

ఒకే చేయి మూడు పనులు చేస్తున్నప్పుడు అవి ఒకదానికొకటి అడ్డం పడటమూ ఉంటుంది. మొదటి పేచీ చదువుకూ రోగి క్షేమానికీ మధ్య. ప్రతి సర్జన్‌కూ మొదటి ఆపరేషన్ ఒకటి ఉండక తప్పదు. హాల్‌స్టెడ్ దశలవారీ పద్ధతి దీనికి సమాధానం: బాధ్యత నైపుణ్యాన్ని బట్టి పెరుగుతుంది, పక్కనే పెద్ద డాక్టర్ ఉంటారు. అయితే ఆసుపత్రిలోనే నివాసం ఉంచి రాత్రింబవళ్లు పనిచేయించడం దాని చెడ్డ వారసత్వం. నిద్రలేని డాక్టర్ తప్పు చేస్తాడన్న గ్రహింపుతో అమెరికా 2003లో రెసిడెంట్ల పనిని వారానికి 80 గంటలకు పరిమితం చేసింది.

రెండో పేచీ పరిశోధనకూ రోగి హక్కుకూ మధ్య. 1951లో హాప్కిన్స్‌లోనే హెన్రియెట్టా లాక్స్ అనే నల్లజాతి మహిళ నుంచి తీసిన క్యాన్సర్ కణాలను ఆమెకు చెప్పకుండా పరిశోధనకు వాడారు. హీలా అని పేరు పెట్టిన ఆ కణాలు పోలియో టీకా పరీక్షల నుంచి ఎన్నో ఆవిష్కరణలకు తోడ్పడ్డాయి. కుటుంబానికి మాత్రం ఏళ్ల తరబడి ఆ సంగతే తెలియలేదు. ఇప్పుడు పరిశోధనకు ముందు ఎథిక్స్ కమిటీ అనుమతి, రోగికి అర్థమయ్యే భాషలో వివరించి తీసుకున్న సమ్మతి తప్పనిసరి. వైద్యం కోసం ఇచ్చిన సంతకం పరిశోధనకు చెల్లదు.

హైదరాబాద్ నుంచి ఎయిమ్స్ దాకా

ఈ మూడు పనుల కలయిక తెలుగు నేలకు కొత్తది కాదు. ఉస్మానియా వైద్య కళాశాలకు మూలమైన హైదరాబాద్ మెడికల్ స్కూల్ 1846లో మొదలైంది. దాని ప్రిన్సిపాల్ ఎడ్వర్డ్ లారీ రోగులకు క్లోరోఫాం ఇస్తూనే, మత్తు ఇచ్చేటప్పుడు ఊపిరిని గమనించడం విద్యార్థులకు నేర్పాడు. క్లోరోఫాం ప్రాణం తీసేది ఊపిరిని ఆపా, గుండెను ఆపా అన్నది అప్పటి పెద్ద వివాదం. నిజాం ప్రభుత్వ ఖర్చుతో 1888, 1889లలో రెండు క్లోరోఫాం కమిషన్లు హైదరాబాద్‌లో వందలాది జంతువులపై ప్రయోగాలు చేసి, ముందు ఆగేది ఊపిరేనని తేల్చాయి. ఆ తీర్పు పూర్తిగా నిలవలేదు. తక్కువ మోతాదులో కూడా గుండె లయ తప్పి ఆగిపోగలదని 1911లో గుడ్‌మన్ లెవీ చూపించాడు. అయినా ఊపిరి మీద కన్నేసి ఉంచాలన్న హైదరాబాద్ పాఠం నిలిచింది. అక్కడ చదివిన రూపాబాయి ఫర్దూన్జీ మత్తు వైద్యంలో ప్రపంచంలోనే తొలి మహిళల్లో ఒకరిగా పేరు పొందింది.

స్వాతంత్ర్యం తర్వాత వైద్యం, బోధన, పరిశోధనలను ఒకచోట చేర్చాలన్న లక్ష్యంతోనే 1956లో పార్లమెంటు చట్టం ద్వారా ఢిల్లీలో ఎయిమ్స్ ఏర్పడింది. దేశంలో గుండె మార్పిడికి తొలి ప్రయత్నం 1968లో ముంబయి కేఈఎం ఆసుపత్రిలో జరిగినా, రోగి బతకలేదు. అవయవ మార్పిడి చట్టం వచ్చిన 1994లో, ఆగస్టు 3న ఎయిమ్స్‌లో తొలి విజయం దక్కింది. ఆ బృందానికి నాయకత్వం వహించిన డాక్టర్ పి. వేణుగోపాల్ రాజమహేంద్రవరంలో పుట్టి, ఎయిమ్స్‌లోనే చదివి, అక్కడే సర్జన్ అయిన వ్యక్తి.

విశాఖ కేజీహెచ్ అయినా, హైదరాబాద్ ఉస్మానియా, గాంధీ ఆసుపత్రులైనా ఓపీకి వచ్చే జనం తాకిడితో వైద్యానికే సమయం చాలదు. అలాంటప్పుడు ముందు నలిగేది బోధన, ఆ తర్వాత పరిశోధన. పీజీ థీసిస్ పరీక్ష కోసం రాసే కాగితంగా మిగిలిపోయే ప్రమాదం ఉంది. ప్రతి వార్డులోనూ టాసిగ్ చూసినంత జాగ్రత్తగా చూడదగిన రోగులు ఉంటారు. చూసినదాన్ని రాసి, పోల్చి, ప్రశ్నగా మార్చే తీరిక డాక్టర్లకు దొరికితేనే కొత్త వైద్యం పుడుతుంది. పీజీ విద్యార్థులు మూడు నెలలు జిల్లా ఆసుపత్రిలో పనిచేయాలన్న ప్రస్తుత నిబంధన వైద్యం, బోధన, పరిశోధనల చక్రాన్ని విస్తరించే ఏర్పాటు. పెద్దాసుపత్రిలో నేర్చుకున్న నైపుణ్యం జిల్లాకు చేరుతుంది, జిల్లాలో కనిపించే జబ్బులు పెద్దాసుపత్రికి కొత్త ప్రశ్నలు తెచ్చిపెడతాయి.